రెట్టలు చదవడం నేర్చుకున్నాక

పొద్దున 6 గంటలకు మిద్దె ఎక్కి గూడు తలుపు తీయగానే నేను ముందుగా పావురాలను చూడను, వాటి జాగాల కింద రాత్రంతా పడిన రెట్టలను చూస్తాను. రెట్ట చిన్నగా, గట్టిగా, గోధుమరంగులోనో ముదురాకుపచ్చలోనో ఉండి, పైన సున్నం బొట్టు పెట్టినట్లు తెల్లగా ఉండి, దానికి ఒకటో రెండో నూగు ఈకలు అంటుకొని ఉంటే ఆ పక్షికి ఆ రోజు నేను చేయవలసిన వైద్యమేమీ లేదని అర్థం. అదే రెట్ట పలుచబడి, నీళ్లలో ఆకు పసరు కలిపినట్లు పాకి ఉంటే పైకి చూస్తాను. ప్రతి పావురమూ రాత్రిపూట తన జాగాలోనే కూర్చుంటుంది కనుక రోగి ఎవరో వెతుక్కోనవసరం లేదు. ఈ చదువు నాకు అబ్బడానికి ఏడాదికి పైగా పట్టింది. దానికి నేను కట్టిన రుసుము 5 పక్షులు. అందులో 3 ఎగిరిపోయాయి, 2 చచ్చిపోయాయి, అయిదింటికీ కారణం నేనే.

2021 జులైలో చెన్నై నుంచి 10 రేసు పావురాల పిల్లలను వెదురు బుట్టలో పెట్టుకొని బస్సులో తిరుపతికి, కొర్లగుంటలోని మా ఇంటికి తెచ్చాను. అన్నీ నెల రోజుల వయసువి, ఇంకా కీచుకీచుమంటున్నవి, తల మీది పసుపు నూగు పూర్తిగా రాలనివి. ఒక్కొక్కదాని కాలికి అతుకు లేని ఉంగరం, దాని మీద సంవత్సరం, వరుస సంఖ్య ఉన్నాయి. ఈ ఉంగరాన్ని పిల్లకు 7, 8 రోజుల వయసున్నప్పుడే ముందు మూడు వేళ్లూ దగ్గరికి చేర్చి దూర్చి, వెనక వేలిని కాలికి ఆనించి ఎక్కించాలి. ఆ తరువాత పాదం పెరిగిపోయి ఎక్కదు, ఎక్కినది మళ్లీ ఊడిరాదు. కనుక పక్షి వయసు గురించి అమ్మేవాడు ఏం చెప్పినా ఉంగరం మాత్రం అబద్ధమాడదు. ఎగరడం నేర్చిన పెద్ద పక్షులనే కొనకపోయావా అని అప్పట్లో చాలామంది అడిగారు. చెన్నైకీ తిరుపతికీ ఆకాశమార్గాన దూరం సుమారు 110 కిలోమీటర్లు. గంటకు 60, 70 కిలోమీటర్లు ఎగిరే పక్షికి అది రెండు గంటల లోపు ప్రయాణం. అక్కడి మిద్దెల మీద తిరిగిన పావురాన్ని ఇక్కడ ఆరు నెలలు మేపినా, తలుపు తీసిన పూటే అది అమ్మినవాడి ఇంట్లో గింజలు తింటూ ఉంటుంది. అలాంటి పక్షులను లోపలే ఉంచి పిల్లలు తీయడానికి వాడుకోవలసిందే తప్ప బయటికి వదలడానికి లేదు.

గూడు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. ఇనుప యాంగిళ్లకు మూడు వైపులా చెక్కలు బిగించి, పైన రేకులు వేయించి, తూర్పు వైపంతా ఇనుప జాలీ కొట్టించాను. పొద్దుటి ఎండ లోపలికి రావాలన్న ఉద్దేశం మంచిదే. అయితే మన జిల్లాలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో, అంటే బంగాళాఖాతం వైపు నుంచి వస్తాయి. పుట్టి పెరిగిన ఊళ్లో వాన ఏ దిక్కు నుంచి కొడుతుందో తెలియనివాడు ఉండడు. గూడు కట్టించేటప్పుడు మాత్రం ఆ సంగతి నాకు తట్టలేదు.

పిల్లలు వచ్చిన పదో రోజున, ఆదివారం పొద్దున, కడుపు నిండా గింజలు పెట్టి, నీళ్లు తాగించి, అవి మా ఇంటిని చూసుకున్నాయన్న నమ్మకంతో తలుపు తీశాను. అవి ఒక్కొక్కటిగా వచ్చి పిట్టగోడ మీద వాలాయి. పక్కింటివాళ్లు అప్పుడే ఉతికిన దుప్పటిని దులిపి తీగ మీద వేశారు. ఆ చప్పుడుకు పదీ ఒక్కసారిగా లేచాయి. ఏడు చీకటి పడేలోగా ఎలాగో తిరిగి చేరాయి. మూడు ఆ రోజూ రాలేదు, మరునాడూ రాలేదు. నేను మిద్దె మీద నిలబడి, డబ్బాలో గింజలు ఆడిస్తూ, అలిపిరి వైపూ రైల్వే స్టేషన్ వైపూ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయాను.

మా వీధికి రెండు వీధుల అవతల ఒక పెద్దాయన ఉన్నారు. నలభై ఏళ్లుగా పావురాలు పెంచుతున్నారు. నేను డబ్బా ఆడించడం ఆయన తన మిద్దె మీది నుంచి చూశారట, మూడో రోజు సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చారు. జరిగినదంతా విని, ఆయన అడిగినది ఒక్కటే.

“వదిలే ముందు మేత పెట్టినావా స్వామీ?”

“కడుపు నిండా పెట్టినానన్నా.”

“ఇంగ వాటికి ఇంటితో పనేముంది? ఆకలైనోడే గదా పొయ్యి కాడికి వచ్చేది!”

గూడు మరపడం, అంటే పక్షులకు గూటిని అలవాటు చేయడం గురించి నాకు తెలిసినదంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. గూటి ముందు, పక్షులు లోపలికి వచ్చే కిటికీకి ఆనించి, 4 అడుగుల జాలీ పెట్టె ఒకటి చేయించాను. సాయంత్రం మేతకు ముందు ఒక గంట పాటు పిల్లలను అందులోకి తోలేవాణ్ణి. అక్కడ కూర్చుని అవి ఎదురింటి నీళ్ల ట్యాంకును, వీధి చివరి కొబ్బరి చెట్టును, ఉత్తరాన గోడలా నిలిచిన శేషాచలం కొండలను, ఆకాశాన్ని చూసుకునేవి. గంట కాగానే నేను లోపల డబ్బా ఆడించేవాణ్ణి. పెట్టెకూ గూటికీ మధ్య కిటికీలో సన్నని ఇనుప కడ్డీలు వేలాడుతుంటాయి. తోస్తే లోపలికి లేస్తాయి, బయటికి లేవవు. మొదటి రెండు రోజులు కడ్డీలను తాడుతో పైకి కట్టి ఉంచాను, మూడో రోజు ఒక కడ్డీ దించాను, తరువాత అన్నీ దించాను. రొమ్ముతో కడ్డీని నెట్టి లోపలికి దూకితే గింజలుంటాయన్నది అవి నేర్చుకోవడానికి వారం పట్టింది. ఈ చిన్న విషయానికి అంత శ్రమ ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. పందెంలో వందల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షి కిటికీ దగ్గర అనుమానపడి పది నిమిషాలు గోడ మీద కూర్చుంటే ఆ పది నిమిషాలూ లెక్కలోకి వస్తాయి, ఎందుకంటే వేగాన్ని నిమిషానికి ఎన్ని మీటర్లని లెక్కగడతారు.

పెట్టెలో రెండు వారాలు గడిచాక, గాలి లేని ఒక సాయంత్రం, చీకటి పడడానికి గంట ముందు, పొద్దుటి మేత సగానికి తగ్గించి, పెట్టె పైమూత తీశాను. ఎవరినీ మిద్దె మీదికి రానివ్వలేదు, నేనూ కదలలేదు. రెండు మాత్రమే పైకి వచ్చి మూత అంచున కూర్చున్నాయి. డబ్బా చప్పుడు వినగానే అవీ లోపలికి దిగాయి. ఆ రోజు ఏ పక్షీ రెక్క విప్పి ఎగరకపోవడమే నాకు పెద్ద విజయం. మరో నెలకు ఏడూ గుంపుగా లేచి, కనుచూపు దాటిపోయి, ముప్పావు గంటకు గానీ తిరిగి రాకపోయేవి. మొదటిసారి అలా మాయమైనప్పుడు నేను పెద్దాయన ఇంటికి పరుగెత్తాను. ఆయన కాఫీ తాగుతూ, “ఊరు చూసేదానికి పోయినాయిలే, కూర్చో” అన్నారు.

ఇక నా వైద్యం సంగతి. పావురాలు కొన్నప్పుడే ఒక దుకాణంవారు నాకు ఒక చీటీ రాసిచ్చారు. నెలలో మొదటి వారం గొంతు పుండుకు మాత్ర, రెండో వారం రక్త విరేచనాల పొడి, మూడో వారం యాంటీబయాటిక్, నాలుగో వారం విటమిన్లు, రెండు నెలలకొకసారి నులిపురుగుల మందు. జబ్బు రాకముందే మందు పడితే మంచిదే కదా అనుకొని, సెప్టెంబరు నుంచి దాన్ని పంచాంగంలా పాటించాను. పక్షులు బాగున్నాయి కనుక మాత్ర చీటీలో రాసిన దానిలో సగమే నీళ్లలో కలిపేవాణ్ణి. పొదుపు అనుకున్నాను. దీనికి తోడు, మా ఇంట్లో వాకిలి కడిగి ముగ్గు వేసే వేళకు నేనూ గూటి నేలను బకెట్లతో నీళ్లు పోసి, ఫినాయిల్ వేసి కడిగేవాణ్ణి. నా గూడు అంత శుభ్రంగా ఊళ్లో ఎవరి గూడూ ఉండదని నాకు గర్వంగా ఉండేది.

2021 నవంబరు మూడో వారంలో తిరుపతి వీధులు ఏరులై పారిన సంగతి ఇక్కడివారెవరూ మరచిపోలేదు. ఘాట్ రోడ్లు మూసేశారు, లోతట్టు కాలనీలు మునిగిపోయాయి. మా మిద్దెకు నీళ్లు ఎక్కలేదు గానీ, తూర్పు జాలీ గుండా జల్లు గూటి వెనక గోడ వరకు కొట్టింది. మూడు రోజులు నేల ఆరలేదు. నాలుగో రోజు ఒక బ్లూబార్ పెట్ట (బూడిదరంగు రెక్కల మీద నల్ల చారలుండేది) ఒంటినిండా ఈకలు ఉబ్బించుకొని, మెడ లోపలికి లాక్కొని, మేత వేసినా దిగకుండా కూర్చుంది. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక కత్తి వాదరలా తగిలింది. ఈకలు కప్పి ఉండడం వల్ల అది చిక్కిపోతున్న సంగతి కంటికి తెలియలేదు. నోరు తెరిచి చూస్తే అంగిలి వెనక జున్ను ముక్కలాంటి పసుపు గడ్డ, దానితో పాటు దుర్వాసన. అదే గొంతు పుండు. నెలనెలా మందు వేస్తున్న పక్షికి ఆ రోగమే ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఆ గడ్డను పుల్లతో గీకబోయి రక్తం తెప్పించాను. ఎవరూ ఆ పని చేయకూడదు. ఆ పెట్ట మరునాడు చచ్చిపోయింది.

రెండో పక్షికీ అవే లక్షణాలు కనబడేసరికి, దాన్ని అట్టపెట్టెలో పెట్టుకొని, ఇంకో పొట్లంలో ఆ పొద్దుటి రెట్టలు కట్టుకొని మన ఊళ్లోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లాను. 1955లో మొదలైన ఆ కళాశాల ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. ఇంటికి అంత దగ్గరలో అలాంటి చోటు ఉండగా మూడు నెలలు దుకాణం చీటీని నమ్ముకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. డాక్టరుగారు పక్షి గొంతులో తడి దూది పుల్ల తిప్పి, దాన్ని గాజు పలక మీద రుద్ది, మైక్రోస్కోపు కింద పెట్టి, చూడమని నన్ను పిలిచారు. నీటి బొట్టులో సన్నని తోకలున్న జీవులు వణుకుతూ, గిరగిరా తిరుగుతూ కనిపించాయి. వాటి పేరు ట్రైకోమోనాస్. దాదాపు ప్రతి పావురం గొంతులోనూ కొన్ని ఉంటాయనీ, పక్షి దిగులుపడినప్పుడు, తడిసినప్పుడు, గూడు కిక్కిరిసినప్పుడు అవి పెరిగిపోతాయనీ, ఒకే గిన్నెలో నీళ్లు తాగడం వల్ల, తల్లి పిల్ల నోట్లో నోరు పెట్టి మేపడం వల్ల ఒకదాని నుంచి ఒకదానికి సోకుతాయనీ ఆయన వివరించారు. సగం మోతాదు సంగతి నేను చెప్పగానే ఆయన కలం పక్కన పెట్టారు. ఆ మోతాదు చావని క్రిములకు మందును తట్టుకోవడం నేర్పిందట. పైగా మూడో వారపు యాంటీబయాటిక్ పక్షి పేగుల్లో ఉండవలసిన మంచి క్రిములను కూడా చంపుతూ వచ్చింది.

రెట్టలో రక్త విరేచనాలు తెచ్చే కాక్సీడియా అనే క్రిమి గుడ్లు కూడా కనబడ్డాయి. పొడి ఎంత వేయాలని వెంటనే అడిగాను. “కొన్ని ఉండడం మామూలే. దానికి మందు వద్దు. మీ గూటి నేల తడిగా ఉంటుందా?” అని అడిగారు. రోజూ కడుగుతానని కొంచెం గొప్పగానే చెప్పాను. రెట్టతో పాటు పడిన ఆ గుడ్లు అప్పటికప్పుడు సోకవనీ, తడీ వెచ్చదనమూ దొరికితే ఒకటి రెండు రోజుల్లో సోకే దశకు వస్తాయనీ, నేను పోసే నీళ్లు వాటికి కావలసిన తడినే ఇస్తున్నాయనీ ఆయన చెప్పారు. వాన మూడు రోజులే తడిపింది, నేను మూడు నెలలు తడిపాను.

తెచ్చిన పక్షి దక్కలేదు. మిగిలిన అయిదింటికీ ఒకే మందు, బరువును బట్టి సరైన మోతాదులో, చెప్పినన్ని రోజులూ వేశాను. దుకాణం చీటీని చించేశాను. ఆ వారమే తూర్పు జాలీకి మూడడుగుల చూరు దించి, వానకాలంలో దించుకునే తార్పాలిన్ తెర కట్టించాను. తెర పూర్తిగా మూస్తే లోపల ఉక్కపోసి అమ్మోనియా ఘాటు కళ్లకు తగులుతుంది కనుక అడుగున ఒక జానెడు, చూరు కింద ఇంకో జానెడు ఖాళీ వదిలాను. గాలి కింద నుంచి వచ్చి పై నుంచి పోవాలి గానీ కూర్చున్న పక్షుల మీదుగా కొట్టకూడదు. నేల మీద వెదురు బద్దలను వేలెడు సందుతో పరిపించాను. రెట్టలు కింది పళ్లెంలో పడతాయి, పక్షి కాళ్లకు అంటవు. నీళ్లు పోయడం మానేసి, పెయింటర్లు పుట్టీ గీకే రేకుతో రోజూ పొడిగా గీకుతున్నాను. వారానికొకసారి సన్నగా పొడి సున్నం చల్లుతాను.

ఇందులో నా ఒంటికి ఒక తంటా వచ్చిపడింది. పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది. 2022 ఫిబ్రవరిలో నాకు పొడిదగ్గు, సాయంత్రానికి ఒళ్లు నొప్పులు, సన్నటి జ్వరం రావడం మొదలైంది. కోవిడ్ రోజులు కనుక ఇంట్లో అందరూ భయపడ్డారు. పరీక్షలో కోవిడ్ లేదు. ఛాతీ డాక్టరు నా మాటలు కాసేపు విని, ఇంట్లో పక్షులున్నాయా అని అడిగారు. పావురాల ఈకల పొడిలో, ఎండిన రెట్టలో ఉండే ప్రోటీన్లు కొందరి ఊపిరితిత్తులకు పడవు, నిర్లక్ష్యం చేస్తే ఆ నష్టం శాశ్వతమవుతుంది. అప్పటి నుంచి ముక్కుకు గట్టిగా పట్టే ఎన్‌95 మాస్కు లేకుండా, గూటికని విడిగా పెట్టుకున్న చొక్కా వేసుకోకుండా లోపల అడుగు పెట్టను. మా ఇంట్లోని చిన్నపిల్లలను గూట్లోకి రానివ్వను. దగ్గు తగ్గింది గానీ ఆ డాక్టరు దగ్గరికి ఏడాదికొకసారి వెళ్లి ఊపిరితిత్తులు పరీక్ష చేయించుకుంటూనే ఉన్నాను.

మేత విషయంలో నేను పెద్దగా ప్రయోగాలు చేయలేదు. పక్షికి రోజుకు సుమారు 30 గ్రాములు, రెండు పూటలుగా పెడతాను. జొన్నలు, సజ్జలు, చిన్నగింజ మొక్కజొన్న, గోధుమలు, వాటికి పెసలు, ఉలవలు, అలసందలు కలుపుతాను. పిల్లలున్నప్పుడూ ఈకలు మారుస్తున్నప్పుడూ పప్పుగింజలు పెంచుతాను, ఊరికే కూర్చున్న రోజుల్లో తగ్గిస్తాను. చివరి పావురం గింజ వదిలి నీళ్ల వైపు నడవగానే పళ్లెం తీసేస్తాను. మన వైపు చెనక్కాయలకు కొదవ లేదు కనుక మచ్చికకు చేతిలో నాలుగు గింజలు పెట్టడం అందరికీ అలవాటే. అయితే బూజు వాసన ఏ కొంచెం వచ్చినా ఆ సంచి మొత్తం పారేయాలి. చెనక్కాయల మీద, మొక్కజొన్న మీద పెరిగే ఒక బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం పక్షి కాలేయాన్ని తినేస్తుంది, కడిగినా వేయించినా పూర్తిగా పోదు. గింజలను పావురం నమలలేదు, లోపల నూరుకుంటుంది కనుక ఇటుక నలుసులు, గుల్లల పొడి, బొగ్గు, చిటికెడు ఉప్పు కలిపి ఒక మూల ఎప్పుడూ ఉంచుతాను. నీళ్ల కూజా మట్టిది. రెట్ట పడకుండా పైన మూత, పక్కన తల పట్టేంత కన్నం ఉంటాయి. కోడిలా తల ఎత్తి మింగకుండా పావురం ముక్కు ముంచి ఏకబిగిన పీలుస్తుంది కనుక కనీసం అంగుళం లోతు నీళ్లుండాలి.

ఆదివారం వాటికి తలంటు. వెడల్పు టబ్బులో నాలుగంగుళాల నీళ్లు పోసి, గుప్పెడు ఉప్పు వేసి మిద్దె మీద పెడతాను. అన్నీ దిగి, రెక్కలు కొట్టి, ఎండలో ఒక పక్కకు ఒరిగి ఒక్కో రెక్క ఎత్తి ఆరబెట్టుకుంటాయి. అవి వెళ్లాక టబ్బు దగ్గర వంగి చూడాలి. నీళ్ల మీద బియ్యప్పిండి చల్లినట్లు తెల్లని పొర తేలుతుంటుంది. ఆరోగ్యంగా ఉన్న పావురం ఈకల నుంచి రాలే పొడి అది. 2021 నవంబరులో నా టబ్బులో నీళ్లు తేటగా ఉండేవి. నేనేమో అవి మురికి లేని పక్షులని మురిసిపోయాను.

2022 ఫిబ్రవరిలో మిగిలిన అయిదింటికి పెద్దాయన ఇచ్చిన ఒక పోతును చేర్చి మూడు జంటలు కట్టాను. ఆ పోతును బయటికి వదలకూడదన్నది ఒప్పందం. ఒకసారి నా చేతి కింద నుంచి జారి ఎగిరిపోతే, నేను మెట్లు దిగేలోగా “మీ ఇంటల్లుడు మా ఇంట్లో ఉన్నాడు” అని ఆయన దగ్గర నుంచి ఫోను వచ్చింది. పెట్ట సాయంత్రం మొదటి గుడ్డు పెట్టి, ఒక రోజు విడిచి మూడో రోజు మధ్యాహ్నం రెండోది పెడుతుంది. పగటి పూట నడిమి గంటలు పోతు పొదుగుతుంది, మిగతా సమయమంతా పెట్ట పొదుగుతుంది. రెండో గుడ్డు పెట్టాక 17, 18 రోజులకు పిల్లలు వస్తాయి. మొదటి వారం తల్లీతండ్రీ ఇద్దరికీ గొంతు కింద ఉండే మేత సంచిలో ఊరే పాలే వాటికి ఆహారం. జంట కట్టే ముందే ఆసుపత్రికి తీసుకెళ్లి గొంతులు చూపించాను కనుక ఆ ఏడాది నా గూట్లో ఒక్క పిల్లకూ పుండు రాలేదు. రెండు విడతలకు కలిపి 12 గుడ్లలో ఒకటి వట్టిది, 11 పిల్లలయ్యాయి.

రెండో విడత పిల్లలు ఏప్రిల్‌లో రావడం నా రెండో తెలివితక్కువతనం. రేకుల కింద మధ్యాహ్నం చేయి పెట్టలేనంత వేడి. పక్షులు నోళ్లు తెరిచి గొంతులు ఆడించాయి. రేకుల మీద అడుగు ఎత్తున కొబ్బరి మట్టల తడికెలు పరిచి, మధ్యలో గాలి ఆడనిచ్చాక కాస్త ఊరట కలిగింది. ఇప్పుడు మార్చి తరువాత జంటలను విడదీస్తాను.

దోమలు, ఈగల సంగతి క్లుప్తంగా చెబుతాను. వానల తరువాత పిల్లల ముక్కు మొదట్లో, కంటి చుట్టూ పులిపిర్లలా లేచే బొబ్బ తెగులును దోమలు మోసుకొస్తాయి కనుక జాలీకి లోపల దోమతెర గుడ్డ బిగించాను. ఈకల మధ్య పీతలా పక్కకు పాకే చప్పటి ఈగ ఒకటి ఉంది. అది రక్తం తాగడమే కాక పావురాల మలేరియాను కూడా అంటిస్తుంది. పొదుగుడు గిన్నెల అడుగున అది పెట్టే నల్లటి గింజల్లాంటి ప్యూపాలను వారానికొకసారి దులిపి కాల్చేస్తే చాలావరకు తగ్గుతుంది. గిన్నెల్లో పొగాకు కాడలు వేయడం పెద్దాయన నేర్పినదే. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు జాతి వైరస్ పావురాలకు సోకితే అవి మెడ తిప్పుకుపోయి, గింజను పొడవబోయి పక్కన పొడుస్తూ, నీళ్లే రెట్టగా వేస్తాయి. దానికి మందు లేదు, టీకా ఒక్కటే దారి. ప్రతి పిల్లకూ మెడ వెనక చర్మం కింద ఆ టీకా వేయిస్తున్నాను.

పదకొండు పిల్లలనూ జాలీ పెట్టెలో పద్ధతిగా మరిపి, 2023 జనవరిలో బుట్టలో పెట్టి, మేత వేయకుండా, మోటారు సైకిలు మీద రేణిగుంట తీసుకెళ్లి వదిలాను. పది కిలోమీటర్లు కూడా లేని దూరం. నేను ఇంటికి వచ్చి అరగంట కూర్చున్నాక గానీ మొదటి పక్షి రాలేదు. మూడోసారికి అవి నాకంటే ముందే ఇంట్లో ఉన్నాయి. తరువాత ఏర్పేడు, ఆ తరువాత శ్రీకాళహస్తి. శ్రీకాళహస్తి నుంచి రెండు రాలేదు. ఆ రోజు మబ్బుగా ఉంది. పోనీలే అనుకొని వదలడం నా తప్పు.

అన్నిటికంటే ఎక్కువ భయం డేగలది. చలికాలంలో కొండల వైపు నుంచి బైరి ఒకటి వస్తుంది. అది పై నుంచి రాయి పడ్డట్లు పడుతుంది. దాన్ని కొట్టడానికి ఉండేలు పట్టుకుని కూర్చునేవారిని చూశాను. డేగలను చట్టం కాపాడుతుంది, పైగా అది తన తిండి కోసం వస్తున్నది. నేను చేయగలిగింది రోజూ ఒకే వేళకు వదలకుండా ఉండడమే. 2023 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం గుంపు చెల్లాచెదురై వచ్చింది. చెకర్ పెట్ట (రెక్కల మీద గళ్లుండేది) ఒకటి చీకటి పడ్డాక, ఎగరలేక, పక్కింటి మెట్ల మీదుగా గెంతుకుంటూ చేరింది. రొమ్ము ఈకలకు రక్తం తప్ప పెద్ద గాయమేమీ కనబడలేదు. దాహంతో కూజా దగ్గరికి వెళ్లి ముక్కు ముంచి పీల్చింది. పీల్చిన నీళ్లు మెడ కింద నుంచి బొట్లుబొట్లుగా నేల మీద పడ్డాయి. ఈకలు విడదీసి చూస్తే మేత సంచి రూపాయి బిళ్లంత చిరిగి, లోపలి జొన్నగింజలు కనిపిస్తున్నాయి.

పొద్దున అదే ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరుగారు లోపలి సంచికి వేరుగా, పై చర్మానికి వేరుగా రెండు వరుసల కుట్లు వేశారు. రెంటినీ కలిపి కుడితే చర్మం సంచికి అతుక్కుపోయి అది మేతకు సాగదట. వారం రోజులు విడిగా ఉంచి, నానబెట్టిన పెసలు పూటకు పదేసి గింజలు నోట్లో పెట్టాను. పదో రోజు పొద్దున దాని జాగా కింద ముందుగా రెట్ట చూశాను. చిన్నగా, గట్టిగా, పైన తెల్లని బొట్టుతో ఉంది. కూజా దగ్గర వదిలాను. అది చాలాసేపు తల ఎత్తకుండా తాగింది. వేళ్లతో రొమ్ము ఈకలు తడిమి చూశాను, పొడిగా ఉన్నాయి.